విన్నవాళ్ళ జాబితా

సుల్తానుల నాటి డమాస్కస్. గురువు నోట చెవులారా విన్నవాళ్ళకే ఆ గ్రంథం పాఠం చెప్పే హక్కున్న రోజులు. జల్లెళ్ళ వీధిలో జుమానా ఇల్లు. మతతీర్పులిచ్చేవాళ్ళలో ఊళ్లోకెల్లా పెద్ద ముఫ్తీ షేక్ శిహాబుద్దీన్, శిష్యుడు గానిమ్‌ని వెంటబెట్టుకుని, చెప్పులైనా విప్పకుండా వచ్చి కూర్చున్నాడు. తెరకి అవతల ఆవిడ.

“మనిద్దరం అనకు. నువ్వూ నేనూ ఒకటా?”

“ఒకటని నేనెందుకంటాను షేక్ గారూ? నజీహ్ గురువుగారి నోట ప్రవక్త మాటల ఆ హదీసు గ్రంథం విన్నవాళ్ళు ముప్పై ఎనిమిది మంది. ముప్పై ఆరుగురు మట్టిలో కలిశారు. ఎలా లెక్కపెట్టినా ఇద్దరే మిగులుతున్నారు.”

“ఒక్కడే! నేనొక్కణ్ణే. కైరో నుంచి చదువుకోడానికొచ్చే కుర్రాళ్ళు నా గుమ్మం దాటి ఈ జల్లెళ్ళ కొంపకొస్తున్నారు. తలుచుకుంటేనే కంపరం.”

“జల్లెళ్ళ కొంపే. మా నాన్న జల్లెళ్ళు అల్లాడు, మా ఆయనా అల్లాడు. రాళ్ళు ఆపడానికి పనికొస్తాయి.”

“చూశావుటరా గానిమ్, ఆ నోరు?”

“చూశానండి. పొగరండీ, ఒట్టి పొగరు.”

“విను ముసల్దానా. రేపు శుక్రవారం. నమాజయ్యాక పెద్ద మసీదులో చాటిస్తాను. నీ దగ్గర చదివినవాడి చదువు చెల్లదు. పాఠం చెప్పుకోమని నువ్విచ్చిన పట్టాలన్నీ చిత్తుకాగితాలు. ఈ వీధిలో తలెత్తుకు తిరగాలంటే ఇప్పుడే ఒప్పుకో.”

“ఏమని?”

“వినలేదని! ఏడేళ్ళ పిల్లవి. పదకొండు రోజుల పాఠం. పొద్దున్న కూర్చుంటే మళ్ళీ సాయంత్రం అసర్ నమాజుకే లేవడం. అయ్య ఒళ్ళో పడి గుర్రుపెట్టి ఉంటావు.”

“నిద్రపోతే చెల్లదా?”

“చెల్లదు! ఫత్వా రాసిందే నేను. కునుకు తీసినా చెల్లదు. నిద్రపోయిన చెవికీ గోడకీ తేడా లేదు. అలాంటివాడు గురువు పేరు చెప్పుకుని పాఠం చెప్తే, వాడు దొంగ.”

“ఆడైనా, మగైనా?”

“ఎవరైనా!”

“పసిపిల్లలైనా?”

“ఏ వయసైనా! ఏంటి, నన్నే అడుగుతున్నావా నువ్వు?”

“లేదండి. గట్టిగా చెప్పారు, బాగుంది. గానిమ్ నాయనా, విన్నావా?”

“ఆఁ... విన్నానమ్మా.”

“అయితే ఇదిగో, తెర కిందనుంచి తోస్తున్నాను, అందుకో. గురువుగారు పాఠం చెప్పిన పుస్తకం ఇదే. ఆఖరి ఆకు తియ్యి. ఎవరెవరు విన్నారో అందులో రాసుంటుంది.”

“ఆ పుస్తకం నీ కొంపలోకెలా వచ్చింది?”

“పాత పుస్తకాల అంగట్లో మూలన పడుంది. రెండు జల్లెళ్ళిచ్చి తెచ్చుకున్నాను.”

“నకిలీదయ్యుంటుంది. గానిమ్, నాకు కళ్ళు ఆనవు. ఎవర్రా రాసింది?”

“కింద సంతకం... మీ నాన్నగారిదండి.”

“నాన్నదా! ఇటు తే, కళ్ళకి దగ్గరగా పట్టు... అవును, అవును. ఈ అలిఫ్ అక్షరం నాన్నదే, నిటారుగా. విన్నావా ముసల్దానా? మా నాన్న ఖాజీ కచేరీలో ముప్పై ఏళ్ళు సాక్షి. పాషా కన్నెర్రజేసినా అక్షరం మార్చలేదు. ఆయన రాస్తే రాసినట్టే. నీ బండారం ఆయనే బయటపెడతాడు. చదవరా.”

“‘జుమానా. జల్లెళ్ళ హమ్దాన్ కూతురు. వయసు ఏడు. పదకొండు రోజులూ వచ్చింది. అక్షరం వదలకుండా విన్నది. మూడోరోజు చదివేవాడు ఒక పేరు తప్పు పలికితే దిద్దింది.’”

“సరిగ్గా చదివావా?”

“రెండుసార్లు చూశానండి.”

“నాన్నకి జాలెక్కువ. చిన్నపిల్ల కదాని రాసుంటాడు.”

“రాస్తే రాసినట్టేనన్నారు షేక్ గారూ, ఇప్పుడే.”

“నోర్ముయ్! తర్వాత చదవరా.”

“తర్వాత... ఏం లేదండి.”

“లేకపోవడమేంట్రా? నా పేరుండాలి.”

“ఉందండి.”

“మరి?”

“సిరా అలుక్కుపోయిందండి.”

“పేరు దగ్గరా?”

“పేరు... పేరు పక్కన.”

“సిరాకేం కాలేదు నాయనా. నిన్ననే చూశాను. చదువు.”

“ఎండ పడి అక్షరాలు కనపడ్డం లేదమ్మా...”

“గానిమ్! చదువుతావా లేదా?”

“‘నా కొడుకు శిహాబుద్దీన్. వయసు ఐదు. పదకొండు రోజులూ నిద్రపోయాడు. లేపాను. లేవలేదు.’”

“ఆ ఆకు చించు.”

“అయ్యా...”

“చించరా! రేపట్నుంచి మసీదులో నా పక్కన కూర్చోబెడతాను. ఇక్కడెవరూ చూళ్ళేదు, ఎవరూ వినలేదు.”

“అయ్యా, నేను విన్నానండి. మెలకువగానే ఉన్నాను.”

“నువ్వు కూడానా! ఛీ... జుమానా. ఇది నీకెప్పట్నుంచి తెలుసు?”

“ఆ రోజుల నుంచే. నా పక్కనేగా పడుకునేవారు. మీ చొంగతో నా చొక్కా చెయ్యి తడిసిపోయేది.”

“అరవై ఏళ్ళు నోరెత్తలేదేం?”

“జల్లెళ్ళ దాన్ని అడిగేదెవరు? మీ పాఠం మీరు చెప్పుకున్నారు, నా పాఠం నేను చెప్పుకున్నాను. నా గుమ్మం తొక్కి నన్ను దొంగనేదాకా నాకేం పట్టింది?”

“రేపు... ఊరంతా వస్తుంది. రమ్మని కబురు పంపాను. ఏం చెప్పను వాళ్ళకి? నలభై ఏళ్ళు ఆ పీఠం మీద కూర్చున్నాను జుమానా. చెప్పు, ఏం చెయ్యను నేను?”

“గానిమ్ నాయనా, పుస్తకం మొదటి ఆకు తిప్పి ఇలా తొయ్యి. పదకొండు రోజులే కదా, ఇవాళే మొదలుపెడదాం. అయ్యాక పట్టా నేనే రాసిస్తాను, నా పేరు మీద. షేక్ గారూ, ఆ చెప్పులు గుమ్మం బయట విడిచొచ్చి కూర్చోండి. ఈసారన్నా నిద్రపోకండి.”