అత్తగారి లాప్‌టాప్, అల్లుడిగారి అనుభవం

(ముందుగదిలో లాప్‌టాప్ ముందు అల్లుడు. పక్క కుర్చీలో కాగితం పట్టుకుని అత్తగారు. ఆయన భార్య వంటింట్లో ఉంది.)

"ఆ కాగితం పక్కన పెట్టండి అత్తయ్యగారూ. పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉన్నవాణ్ని, నేను కాగితం చూసి చెయ్యాలా?"

"మీకోసం కాదు బాబూ, నా తృప్తికి. రేపు తొమ్మిదింటికే కంప్యూటర్ వర్క్‌షాపు. కావలసినవన్నీ ముందే ఎక్కించుకుని రావాలని ఇందులో ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ ఎవరైనా విప్పి చూసుకోవచ్చట, మార్చుకోవచ్చట."

"తెలుసు, తెలుసు. మేం రోజూ విప్పుతూనే ఉంటాం."

"అయితే మొదటిది. టెర్మినల్ తెరవండి. కమాండ్లు కొట్టే కిటికీ అని రాసి ఉంది."

"తెరుస్తా. తెరవడమెంతసేపు... ముందు దీన్ని కాస్త వేడెక్కనివ్వాలి."

"అది లాప్‌టాపా, పెనమా?"

"పాతది కదండీ, అందుకని..."

"కింద నల్ల డబ్బా బొమ్మ ఉంటుంది, నొక్కమని రాసి ఉంది."

"ఆ, అదే, అదే నొక్కబోతున్నా. వచ్చింది! చూశారా?"

"చూశాను. ఇప్పుడు ఈ వరుస ఉన్నదున్నట్టు కొట్టి, ఎంటర్."

"కొట్టా. పాస్‌వర్డ్ అడుగుతోంది."

"చంటి, ఒకటి, రెండు, మూడు. ఇంగ్లీషులో."

"కొడుతున్నా... అయ్యయ్యో!"

"ఏమైంది?"

"అక్షరం పడట్లేదు. ఎంత కొట్టినా పడట్లేదు! కీబోర్డు పోయిందండీ. ఇందాకటిదాకా బాగానే ఉంది, నేనేం చెయ్యలేదు!"

"మెల్లిగా బాబూ, బల్ల ఊగుతోంది."

"ఇక లాభం లేదు. షాపుకి ఇచ్చేద్దాం. రేపటికి రాదు. మీరు ఇంకో వర్క్‌షాపు చూసుకోండి."

"ఇక్కడేం రాశారంటే... 'పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనబడదు. కంగారు పడకండి. కొట్టి ఎంటర్ నొక్కండి.'"

"ఓహో! కనబడదా?"

"పదకొండేళ్లలో మిమ్మల్ని పాస్‌వర్డ్ ఒక్కసారీ అడగలేదా?"

"మా ఆఫీసులో... అది వేరే రకం..."

"ముప్ఫయ్యేళ్లు బళ్లో లెక్కలు చెప్పాను. హోంవర్కు చెయ్యనివాడి గొంతు నాకు తెలీదా?"

"మెల్లిగా అత్తయ్యగారూ! మీ అమ్మాయి వింటుంది."

"వింటే?"

"వింటే ఇంకేముంది, నా కొంప మునుగుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు కూర్చునే అంతస్తే నాదీ. కానీ వాళ్లకి కుర్చీలు, ఫ్యాన్లు, తాళాలు చూసుకునేవాణ్ని. పెళ్లికి ముందు సాఫ్ట్‌వేర్ ఆఫీసన్నాను, మిగతాది మీరంతా అనుకున్నారు. నేను కాదనలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అంటూనే ఇన్నేళ్లయింది. ఇప్పుడు తెలిస్తే దాని మొహం ఎలా చూడను? సిగ్గుగా ఉందండీ."

"కుర్చీ విరిగితే ఎంతటి ప్రోగ్రామరైనా నేల మీదే కూర్చోవాలి. సిగ్గెందుకు? కొట్టిందంతా చెరిపి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టి, ఎంటర్ నొక్కండి."

"నొక్కా. అబ్బో! ఏవేవో పరిగెడుతున్నాయి! ఇదంతా నేనే చేశానా?"

"మీరే."

"అయిపోయింది అత్తయ్యగారూ! పేరు అడుగుతోంది. మీ పేరు కొట్టేస్తున్నా."

"నాది కాదు, మీది కొట్టండి."

"నాదెందుకు? రేపు నేర్చుకోడానికి వెళ్లేది మీరు కదా?"

"నేను వెళ్లేది నేర్పడానికి. ఈ కాగితం రాసిందీ నేనే. బొత్తిగా ఏమీ రానివాళ్ల చేత ఒకసారి చేయించి చూడాలి, అలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారటే అని అడిగితే, మీ ఆవిడే మీ పేరు చెప్పింది."