హబీబు వెనక్కి తిప్పిన రాహుకాలం

"నన్ను రావొద్దంటాడా గంగులయ్య? నన్ను! ఆ యార్డులో యూనిక్సు మిషను ముందర కూచోని దాని భాషలో దాంతో మాట్లాడే మొనగాడు నేను గాక ఇంకోడుండాడా? చెప్పు నూర్జానక్కా, నువ్వు చెప్పు!"

నూర్జానక్క చూపు పాలగిన్నె మీదే ఉంది. పాలు పొంగుతుంటే గరిటె తిప్పుతోంది. కృష్ణపట్నం రోడ్డు మీద ఆమె టీ అంగడి. మామూలుగా అయితే శనివారం ఆ పూటకి మేమంతా గంగులయ్య పడవల రిపేరు యార్డులో ఇనప రేకులు కోస్తూ ఉండాలి. ఆ రోజు మాత్రం అంగడి బెంచీల మీద ఈగలు తోలుకుంటున్నాం. అడుగు రేకులు మార్చమని ఒక బార్జీ, సరుకు మోసే బల్లపరుపు పడవ, వచ్చి జెట్టీకి కట్టి ఉంది. దాని పాత డ్రాయింగులన్నీ ఆఫీసులో ఉన్న ముసలి యూనిక్సు మిషన్లో, అంటే పాతరకం కంప్యూటర్లో, ఉన్నాయి. వాటిని మా కటింగు మిషనుకు అర్థమయ్యే రకంలోకి మార్చే సాఫ్టువేరు ఒకటి కొన్నారు. దాన్ని నిన్న హబీబ్ ఎక్కించాడు. ఎక్కించిన కాసేపటికే దానికి తాళం పడి డ్రాయింగులు తెరుచుకోలేదు. గంగులయ్య హబీబ్‌ని పనిలోంచి పొమ్మన్నాడు. బార్జీవాళ్ళేమో ఇంకో యార్డు చూసుకుంటాం అంటున్నారు. అది పోతే మా పనీ పోయినట్టే. మా అందరినీ వెంటబెట్టుకుని గంగులయ్య దగ్గరికి పోయి తన తరఫున మాట్లాడించాలని హబీబ్ వచ్చాడు. వచ్చిన మనిషి ఆ మాట అడగకుండా కథ ఎత్తుకున్నాడు.

"ఏం జరిగిందో వినండి, విన్నాక తప్పెవురిదో మీరే చెప్పండి. సాఫ్టువేరు ఎక్కించడం నాకొక లెక్కా? రూటుగా లోపలికి పోయినా. రూటంటే ఏందనుకున్నావు తిమోతీ, ఆ మిషనుకి కలెక్టరు! వాడు నిలబడమంటే నిలబడాల, కూచోమంటే కూచోవాల. ఒక చేత్తో టీ గ్లాసు, ఒక చేత్తో కీబోర్డు. గ్లాసులో టీ అయిపోకముందే సాఫ్టువేరు ఎక్కి కూచుంది. ఇంక లైసెన్సొకటి రావాల, బెంగుళూరు కంపెనీవాళ్ళు మెయిల్లో పంపుతారు. అది ఎట్టాంటి లైసెన్సో తెలుసా? ఈ మిషను నెంబరు చూసుకోని ఈ మిషన్లోనే పనిచేస్తది, పక్క మిషన్లో పెడితే పలకదు, గడువు దాటితే అసలు పలకదు. సొంత దుడ్లు పోసి పడవ కొనుక్కున్నాక, ఈ కాలవలోనే తొయ్యాల, ఈ గెడతోనే తొయ్యాల, మేం చెప్పిన పూటే తొయ్యాల అంటే ఒళ్ళు మండదా? మండదా, చెప్పు!"

"మండుద్ది" అన్నాడు తిమోతి. తిమోతి మా పెద్ద వెల్డరు. మాలో అందరికంటే ఎక్కువ మాట్లాడేది అతనే. ఆ రోజు మాత్రం మాట పొదుపుగా వాడుతున్నాడు.

"మండుద్ది గదా! మండినా ఓర్చుకున్నా. మెయిలొచ్చింది. అందులో నెంబరుంది సామీ, దాని పొడుగు ఏం చెప్పేది, ఈడ మొదలుపెడితే కోట ఊళ్ళో పోయి ముగుస్తది. ఇంకోడైతే కాగితం మీద రాసుకోని, వేలు పెట్టి చూసుకుంటా కొడతాడు. నేను ఒక్కసారి చూసినా. కళ్ళు మూసుకోని కొట్టేసినా."

"కళ్ళెందుకు మూసుకున్నావు తమ్ముడూ?" అంది నూర్జానక్క.

"అద్దాలు ఇంటికాడ మర్చిపోయినా అక్కా, తెరిచినా ఒకటే మూసినా ఒకటే. ఎంటర్ కొట్టబోతుండానా, సరిగ్గా అప్పుడు గంగులయ్య తలుపు తోసుకోని వచ్చినాడు. 'ఒరే హబీబూ, ఆగు! రాహుకాలం పట్టింది! రాహుకాలంలో ముట్టుకున్నావంటే కాళ్ళిరగ్గొడతా, పోయిన తూరి రాహుకాలంలో ఆన్ చేసిన కంప్రెసరు పేలింది జ్ఞాపకం లేదా' అని అరుపులు. పేలింది రాహువు వల్లనా? నూనె మార్చక పేలింది! ఆయనకి చెప్పేదెవురు? నాకేంది సామీ రాహుకాలం, నేను ముసల్మాన్ని. అయినా తినే ఉప్పు ఆయనది, ఆయన నమ్మకం ఆయనది, కాదనకూడదు. ఇంకో పక్క శుక్రవారం, జుమ్మా నమాజుకి పోవాల. ఇటు రాహువు, అటు నమాజు, మధ్యలో బార్జీవాళ్ళు ప్రాణం తీస్తుండారు. ముందు నుయ్యి వెనక గొయ్యి. అప్పుడు నేనేం చేసినానో తెలుసా?"

 బెంచీ మీద అరచేత్తో చరిచాడు.

"కాలాన్నే వెనక్కి తిప్పినా!"

"యా కాలాన్ని?" అన్నాడు తిమోతి.

"ఎన్ని కాలాలుంటాయబ్బయా? ఉండేది ఒకటే గదా! మిషన్లో గడియారం ఉంటది, రూటు చెప్తే అది మారాల. వెనక్కి పెట్టినా, పొద్దున పొద్దున్నే, రాహువు ఇంకా పక్కమీంచి లేవని యాళకి. ఇప్పుడు మిషను ఏమనుకుంటది? ఇంకా ఎండే రాలేదు, శుభఘడియ అనుకుంటది. ఎంటర్ కొట్టినా, గంగులయ్య మాట నిలబడింది, నా పనీ అయింది. ఈ బుర్ర నెల్లూరు జిల్లాలో ఇంకెవురికైనా ఉండాదా? అయితే ఏమైందంటే, రూటు ఆజ్ఞ గదా, మిషన్లో ఆగలేదు అది. తీగల్లో పడి బయటికొచ్చేసింది. ముందు ఆఫీసు గోడ మీది గడియారం గిర్రున వెనక్కి తిరిగింది. నేను తాగేసిన టీ గ్లాసులోకొచ్చి పొగలు కక్కింది. కిటికీలోంచి చూద్దును గదా, కరెంటు ప్లాంటు పొగగొట్టంలోకి పొగ తిరిగి దిగిపోతా ఉంది! పోర్టులో దించిన బొగ్గు బెల్టు మీద వెనక్కెక్కి ఓడలో పడతా ఉంది, ఓడ తోక ముందర పెట్టుకోని సముద్రంలోకి పోతా ఉంది, కెప్టెను చెయ్యూపతా ఉండాడు, వచ్చినందుకా పోతున్నందుకా వాడికే తెలీదు. నెల్లూరు బస్సు రివర్సులో పోతా ఉంటే లోపల జనం చేతుల్లోంచి కండక్టరు టిక్కెట్లు లాక్కుంటుండాడు."

"మా బావమరిదికి కోటలో రొయ్యల గుంటలుండాయి. వాటికేమైంది?" అన్నాన్నేను.

"ఏమైతది? పట్టుబడికొచ్చిన రొయ్యంతా కంటికానని పిల్ల సీడైపోయింది. ఫోన్ చేసి అడుగు, నిన్న పొద్దున కాసేపు గుంట బోసిగా ఉండిందా లేదా అని. అడుగు!" నావైపు గుడ్లురిమి చూశాడు. నేను ఫోన్ తీయలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గంగులయ్య! నా వెనకాల నిలబడుండాడు గదా కాపలాకి. తల్లో రంగు పోయి అసలు నలుపొచ్చింది. పొట్ట లోపలికి పోయింది. మీసం మాయం. పంచె జారిపోయి చెడ్డీ వచ్చింది. చూస్తుండగానే ఇంతైపోయినాడు, పలకా బలపం పట్టుకోని ముక్కు కార్చుకుంటా నిలబడినాడు. నేనొదల్తానా? ఇన్నేళ్ళ కోపం! పండగొచ్చినా సెలవియ్యడు, మిషన్లో ఏం చెడినా నన్నే తిడతాడు, బాగైతే మెచ్చుకునేది మెడ్రాసు నించొచ్చిన ఇంజనీరుని! 'బల్లెక్కరా గంగులూ' అన్నా. ఎక్కినాడు. 'హబీబ్ సార్ని ఎప్పుడైనా ఒరే అంటావా?' 'అనను సార్.' 'హబీబ్ సార్ని పనిలోంచి తీసేస్తావా?' 'తియ్యను సార్, అమ్మతోడు తియ్యను సార్!' అంతలో చచ్చిపోయిన వాళ్ళ నాయన కూడా లేచొచ్చినాడు. 'హబీబు లేకపోతే ఈ యార్డే లేదు' అని కొడుకు నెత్తిన ఒక మొట్టికాయ ఇచ్చినాడు."

ఇక్కడ హబీబ్ ఆగి చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మేం నవ్వుదామనుకున్నవాళ్ళం నవ్వలేదు. నిజంగానే అతను చాలా ఏళ్ళు ఆ ఆఫీసులో ఒంటిచేత్తో నెట్టుకొచ్చాడు. గంగులయ్య నోరు ఎలాంటిదో మాకు తెలుసు.

"ఏడుస్తుండాడు గదా పాపం అని మళ్ళా కాలాన్ని ముందుకి తిప్పి గంగులయ్యని గంగులయ్యని చేసినా. చెయ్యకుండా ఉండాల్సింది! మొదటి డ్రాయింగు తెరవబోతే తెర మీద ఏమొచ్చింది? 'మీరు గడియారం వెనక్కి తిప్పినారు, లైసెన్సు చెల్లదు.' చూడండి అన్యాయం! మన మిషను, మన గడియారం, మన కరెంటు, మనం తిప్పుకుంటాం, నీకేంది నొప్పి? లోపల దాక్కోని మన గడియారం మీద నిఘా పెడతారా? నేనూరుకున్నానా? బెంగుళూరుకి ఫోన్ కొట్టి ఒక్క అరుపు అరిచినా. వాళ్ళ మేడ మీద అద్దాలు రాలినాయి. వాళ్ళ పెద్దాయన లైన్లోకొచ్చి 'హబీబు సాబ్, కాలాన్ని తిప్పిన మనిషిని మేం ఇంతదాకా చూళ్ళేదు, లైసెన్సులు మాకు మీరే ఇయ్యాల' అని బోరున ఏడ్చినాడు."

"ఏడ్చినాడా?" అన్నాడు తిమోతి.

"ఏడ్చినాడు."

"తాళం తీసినాడా?"

హబీబ్ టీ గ్లాసు వైపు చూశాడు. "తీస్తాడు. గంగులయ్య సంతకం చేసి రాసియ్యాలంట. విచారించి, వచ్చే వారంలో..."

"అందాకా బార్జీ ఉంటదా?"

"అందుకే గదా మీ దగ్గరికొచ్చినా!" హబీబ్ ఒక్కసారిగా అరిచాడు. "ఆ సంతకం నేనడిగితే చెయ్యడు. నన్ను గేటు లోపలికి రానీడు. మీరందరూ వచ్చి చెప్పాల. తప్పు కంపెనీది, తప్పు గంగులయ్యది, ఆయన రాహువుది! నాకు టయిమెక్కడిచ్చినారు సామీ? బార్జీవాళ్ళు నెత్తిన కూచోని తరిమితే నేనేం చెయ్యాల?"

తిమోతి గ్లాసు బెంచీ మీద పెట్టాడు. పెట్టిన తీరుకి సగం టీ ఒలికింది.

"ఎవురు తరిమినారన్నా నిన్ను? బార్జీవాళ్ళు గంగులయ్యకి చెప్పేటప్పుడు నేను జెట్టీ మీదే ఉండా. డ్రాయింగులు సాయంత్రానికి చాలన్నారు. రాహుకాలం పన్నెండింటికి పోద్ది. నమాజు ఆ తర్వాత. నువ్వు మసీదుకి పోయి, నమాజు చేసుకోని, ఇంటికి పోయి అన్నం తిని, కావాలంటే ఒక కునుకు తీసి, అద్దాలు కూడా తెచ్చుకోని మెల్లిగా ఎంటర్ కొట్టినా సరిపోయేది. ఐదు నిమిషాల్లో పెడతానని గంగులయ్య ముందర అన్నావు చూడు, ఆ మాట తగ్గకూడదని కొట్టినావు. ఓడల్ని తిప్పినావు, రొయ్యల్ని తిప్పినావు, గంగులయ్యని బడికి పంపినావు. గంటన్నర సేపు కుర్చీలో ఊరికే కూచోలేకపోయినావు. రాహుకాలం దానంతటదే పోద్దన్నా! దాన్నెవురూ తిప్పబళ్ళేదు!"

 నూర్జానక్క ఒలికిన టీ గుడ్డతో తుడిచింది. హబీబ్ లేవబోయి, మళ్ళీ కూచున్నాడు. అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు.

"వస్తారా మరి, గంగులయ్య దగ్గరికి?" అన్నాడు. అంత చిన్న గొంతు అతనికి ఉందని మాకు అప్పటిదాకా తెలీదు.

తిమోతి కోపం ఇంకా దిగలేదు. మొహం అటు తిప్పుకునే లేచి చెప్పులు వేసుకున్నాడు.

"వస్తాం. ఆడ నోరు తెరవమాక. నేను మాట్లాడతా."