మూడుసార్లు పోయిన ప్రసంగం

రెండువేల పదిహేనులో ఒక గురువారం మధ్యాహ్నం, ఒమాన్ దేశపు ఖబూరాలోని ఆసుపత్రి క్వార్టర్సులో, డ్యూటీకి బయలుదేరుతున్న ఒక నర్సుకూ, పాత ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్న ఆమె భర్తకూ మధ్య నడిచిన సంభాషణ ఇది.

“మూడోసారి పోయిందే! రేపు సంఘంలో చెప్పాల్సిన ప్రసంగం ఒక్క ముక్కా మిగల్లేదు. ఇది సాతాను పని.”

“సాతానుకి వేరే పనేం లేదా అండీ? పెన్‌డ్రైవ్ ఇచ్చినప్పుడే మన సంఘం నతానియేల్ చెప్పాడు కదా!”

“చెప్పాడు. విండోస్ బదులు ఇందులో పదహారు ఎంబీల లినక్స్ ఉంది, చచ్చిన ల్యాప్‌టాప్‌ని లేపుతుందన్నాడు. లేపింది. నా ప్రసంగాన్ని పాతిపెట్టింది.”

“దాచమంటేనే దాస్తుంది, లేకపోతే ఆపగానే అన్నీ మరిచిపోతుందని కూడా చెప్పాడు. ఆపేముందు తెర మీద ఒక పెట్టె వచ్చి అడుగుతుంది.”

“నన్ను ఏ పెట్టే ఏనాడూ అడగలేదు.”

“నా బస్సుకి ఇంకా పది నిమిషాలుంది. రెండు ముక్కలు కొట్టి, రోజూ ఎలా ఆపుతారో అలాగే ఆపండి, చూస్తాను.”

“ఇదిగో, ఆపమన్నాను. ప్రభువా, ఈ పని ముగించడానికి సాయం చేసినందుకు…”

“ఆగండాగండి! కళ్లు మూసుకున్నారేంటి?”

“ప్రార్థన లేకుండా నేనే పనైనా ముగించానా? ఆమేన్ అని ఎంటర్ కొడతాను.”

“పెట్టె వచ్చింది, చూడండి! దాచాలా అని అడుగుతోంది. గుర్తు ముందే ‘వద్దు’ మీద ఉంది. మూడుసార్లూ దానికే ఆమేన్ కొట్టారు మీరు.”

“అయితే మళ్లీ మొదట్నించీ రాయాలా?”

“రాయండి. ఆపేముందు నాకు ఫోన్ చేయండి. ప్రార్థన నేను చేస్తాను, మీరు తెర చూడండి. ఇంతకీ ప్రసంగం దేనిమీద?”

“మెలకువగా ఉండడం మీద.”