ముప్ఫై ఒక్క చీటీలు

ప్రార్థన మందిరం పక్క గదిలో పాస్టరు చీటీలు విప్పుతున్నాడు. గుమ్మంలో దర్జీ భార్య నిలబడి ఉంది.

"కూర్చోమ్మా. ఈ చీటీలు చూసేసి..."

"కూర్చునే పని కాదు అయ్యగారూ. మా ఆయన..."

"తెలుసమ్మా, పక్షవాతంతో మంచం మీదున్నారు. మా సంఘంవాళ్ళు వస్తున్నారటగా?"

"రోజూ వస్తున్నారు. ఆ సంగతే చెబుదామని..."

"నా సంతోషం నీకేం తెలుసు తల్లీ! ఆరేళ్ళు గొంతు చించుకున్నాను, ఒక్కరికైనా ప్రభువు గురించి చెప్పండర్రా అని. విని, తలూపి, చెప్పులేసుకుని పోయేవాళ్ళు. పోయిన నెల తెగించేశాను. ఒక్కొక్కరూ ఒక్క మనిషికి చెప్పి, ఆ పేరు చీటీ మీద రాసివ్వకపోతే సంఘం వదిలేసి పోతానన్నాను. ఇదిగో, ముప్ఫై ఒక్క చీటీలు."

"పేర్లు చూశారా?"

"చూస్తున్నా. దర్జీ గారు. ఇది... దర్జీ గారు. ఇదీ దర్జీ గారే."

"అన్నీ ఆయనేనండి."

"అన్నీ ఎలా అవుతాయమ్మా?"

"ఆయన లేచి వెళ్ళిపోలేరు కదండీ. మాట కూడా పడిపోయింది, వద్దనలేరు. మీ సంఘంలో బ్యాంకు గుమస్తాకి పక్క సీటాయనతో చెప్పాలంటే సిగ్గట. టీచరమ్మకి తోటివాళ్ళు నవ్వుతారని భయమట. మా గుమ్మంలో వంతు కోసం కూర్చుని, నా ముందే చెప్పుకున్నారు."

"అయ్యో ప్రభువా... పోనీ, ఆయన విన్నారా?"

"వినక ఏం చేస్తారు? రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలండి, లేకపోతే వీపంతా పుండే. నా ఒక్కదాని వల్ల కావట్లేదు. ఓ చెయ్యి వెయ్యండి బాబూ అని బతిమాలాను. ఆలస్యమైపోతోందమ్మా, చీటీ ఇవ్వాలి అన్నారు."

"నేను... నేను చెప్పమన్నాను. చెప్పమని మాత్రమే అన్నాను."

"మిమ్మల్ని తిట్టడానికి రాలేదండి."

"నేనే వస్తానమ్మా. అందర్నీ వెంటబెట్టుకుని వస్తా. నా చేతుల్తో నేనే తిప్పుతా. మాటిస్తున్నా."

"ఇవాళ పొద్దున ఏడుగురు కలిసి వచ్చారు. మంచం చుట్టూ నిలబడి, కళ్ళు మూసుకుని పెద్దగా ప్రార్థన. నేను నీళ్ళకి కిందికెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆమెన్ అనేసి దిగిపోతున్నారు. ఈరోజు ఎంత ప్రశాంతంగా విన్నారో అమ్మా, అన్నారు."

"స్తోత్రం! అంటే ఆయన మనసు..."

"లోపలికెళ్ళి చూస్తే ఊపిరి లేదండి. మాది మూడో అంతస్తు, మెట్లు ఇరుకు. కిందికి మోయడానికైనా ఎవరినైనా పంపండి అయ్యగారూ."