సోమేశ్వరరావు గారి మంత్రదృష్టి

సాయంత్రం నాలుగింటికి కొండాపూర్ టీ బండి దగ్గర మా సోమేశ్వరరావు గారు గ్లాసు అందుకున్నారంటే చుట్టూ మేం చేరాల్సిందే. మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే జట్టుకి పెద్ద, యాభై రెండేళ్ల టెస్టింగ్ లీడ్. ఈమధ్యే ఆఫీసు కుర్రకారుతో కూర్చుని, బల్లమీద పాచికలేసి కథ నడుపుకునే ఆటొకటి నేర్చుకున్నారు. అందులో ఆయన మాంత్రికుడు.

"పెద్ద విశేషం కాదులే మహేందరూ. మొన్న శనివారం ఆటలో మెడ కొరికి నెత్తురు తాగే ఒక్క రక్తపిశాచిని పట్టుకున్నా, అంతే. రాజుగారింట్లో పెళ్లి. పిశాచి మనిషి వేషంలో వచ్చి బంతిలో కూర్చుంది. మామూలు కంటికి తెలీదు. నేను మంత్రదృష్టి తెరిచా. బతికున్నవాడి చుట్టూ రంగులు నిగనిగలాడతాయోయ్, కోపమైతే ఎరుపు, దిగులైతే నీలం. పిశాచికీ అవే రంగులు, కాకపోతే వందసార్లు ఉతికిన చొక్కాలా వెలిసిపోయుంటాయి."

"గుర్తువట్టిన్రా సార్?" అన్నాడు మా టీమ్ కుర్రాడు మహేందర్.

"పట్టానా అంటావేంటి! ఒకణ్ణి చూశా, వెలిసిపోయున్నాడు. పక్కవాడూ అంతే. బంతిలో నలభైమంది, నలభైమందీ పిశాచులే! వడ్డించేవాడు, సన్నాయి ఊదేవాడు, ఆఖరికి పెళ్లికొడుకు గుర్రం కూడా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిశాచి గుండెల్లో దించే కొయ్యమేకు తీసి, ఇరవై ముఖాల పాచిక విసిరా. ఇరవై! మళ్లీ ఇరవై! వరసగా పదకొండుసార్లు ఇరవై, పన్నెండోసారి ఇరవై ఒకటి!"

"ఇరవై ముఖాలే ఉంటే ఇరవై ఒకటెట్ల వడ్తది సార్?"

"నా ధాటికి పాచికే హడలిపోయి ఇంకో ముఖం మొలిపించుకుందోయ్! అక్కడితో ఆగిందా? సోమవారం ఆఫీసుకొస్తే ఆ చూపు ఇంకా మూసుకోలేదు. క్లయింట్ కాల్‌లో వాళ్ల పెద్దాయన కెమెరా ఆన్ చేశాడు, చూద్దును కదా, పూర్తిగా వెలిసిపోయున్నాడు! మ్యూట్ తీసి ఒక్కటే మాటన్నా, 'తమరెవరో నాకు తెలుసు' అని. వణికిపోయి డెడ్‌లైన్ మూడు నెలలు జరిపేశాడు!"

నాకు టీ పొలమారింది.

"సార్, పెళ్లిలో ఏమైందో నేను చెప్పనా?" అని వెనక నుంచి గొంతు. చూస్తే మా ఆఫీసు హరిత. ఆట జరిగింది మణికొండలో ఆ అమ్మాయి ఫ్లాటులోనే, కథ నడిపిందీ తనే. ఎప్పుడొచ్చి నిలబడిందో!

"మంత్రదృష్టికి సార్ వేసిన పాచికలో ఒకటి పడింది. ఒకటి పడితే చూపు తిరగబడుతుంది. బతికున్నవాళ్లు వెలిసిపోయి కనిపిస్తారు, పిశాచేమో నిగనిగలాడుతుంది."

"అంటే ఆ నలభైమంది?" అన్నాను నేను.

"నిజం పెళ్లివారే. సార్ మేకు పట్టుకుని పెళ్లికొడుకు మీదికి ఉరికారు. భటులు ఆడుతున్న అయిదుగుర్నీ జైల్లో పడేశారు."

"మరి అసలు పిశాచి ఏడికి వోయింది?"

"పోలేదు. 'ఇంతమందిలో ఈయనొక్కడే మనిషి' అని సారే చెయ్యి పట్టుకుని వెంట తెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్లతోపాటే జైల్లో ఉంది. వచ్చే శనివారం వాళ్ల గతేంటో!"

మహేందర్ పడీపడీ నవ్వుతున్నాడు. సోమేశ్వరరావు గారు గ్లాసు బండిమీద పెట్టి, మెల్లగా అన్నారు.

"ఎంత మర్యాదస్తుడమ్మా... నా మెడ చాలా అందంగా ఉందన్నాడు."