నిమిషం సరంగు ఒప్పుకున్న మాట

ఏంటే, ఇందాకట్నుంచి అద్దం ముందు నిలబడి చెయ్యి ఊపుతూ ఎవర్నో దులిపేస్తున్నావు? నాతోనేమో అనుకుని రెండుసార్లు ఊఁ కూడా కొట్టాను. డిబేటా? కాలేజీలోనా? దేని గురించి... ఆఁ, డీజిలు మీద ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ తీసెయ్యాలా వద్దా అనా. మరి నువ్వు ఏ పక్షం? తీసెయ్యాలనే పక్షమా? చీటీ తీస్తే వచ్చిందా! బావుంది, చీటీలో ఏమొస్తే అదే మన అభిప్రాయమన్నమాట. నవ్వకు, తప్పు పట్టట్లేదు. ఇలా వచ్చి కూర్చో. ఆ కాగితాలు కాసేపు పక్కన పెట్టు. నీకు నిమిషం సరంగు సంగతి ఎప్పుడైనా చెప్పానా? మీ అమ్మకి చెప్పాను, మీ మావయ్యకి చెప్పాను, ఇద్దరూ సగంలోనే లేచిపోయారు. నువ్వు లేవకు.

సరంగంటే లాంచీ నడిపే మనిషి. అప్పట్లో మాకు వంతెన లేదు కదా. ఇళ్ళేమో ఏటికి ఇటు, పనులేమో అటు. బడి అటే, ఆసుపత్రి అటే, నేను కాలర్లు కుట్టే చొక్కాల కార్ఖానా అటే. మా రేవుకి ఆయనదొక్కటే లాంచీ, మిగతావన్నీ పై రేవుల్లోనూ కింది రేవుల్లోనూ తిరిగేవి. మనిషి చూస్తే గుమ్మానికి అడ్డంగా సరిపోయేంత. గొంతు మాత్రం పక్కనున్నవాడు చెవి ఒగ్గితే తప్ప వినపడదు. ఎవరైనా మెట్ల పైనుంచి "మామయ్యా, ఆగాగు" అని కేకేస్తే చాలు, లోపల కూర్చున్న మా వైపు తిరిగి "ఒక్క నిమిషం" అనేవాడు. ఆ నిమిషం ఎప్పుడూ పావుగంటకి తక్కువుండేది కాదనుకో. దాంతో నిమిషం సరంగని పేరు పడిపోయింది. ఎదురుగా ఎవరూ అనేవాళ్ళు కాదు, ఆయనకి తెలియకుండానూ లేదు. ఇంతకీ ఏం చెబుతున్నానూ... ఆఁ, ఇంజను. అంతసేపు ఆగినా ఇంజను ఆపేవాడు కాదు. డగడగా కొట్టుకుంటూనే ఉండేది, మేము పొగకి దగ్గుతూనే ఉండేవాళ్ళం. ఎందుకంటే డీజిలంత చవక. లాంచీలకి ప్రభుత్వం సగం ధరకే ఇచ్చేది, నెలకి ఇన్ని పీపాలని కోటా.

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నా, జాగ్రత్తగా విను, నీకు పనికొస్తుంది. ఆ కోటా అందరూ కావలసినదానికంటే ఎక్కువే రాయించుకునేవాళ్ళు. మిగిలిన పీపాలు కంకర మిల్లు వాడికి అమ్మేసుకునేవాళ్ళు. అందరూ అంటే అందరూనే. మన సరంగు కూడా. దొంగతనమని ఎవరూ అనుకోలేదు, ఇంట్లో మిగిలిన పాలు పక్కింటికి ఇచ్చినట్టే అనుకున్నారు. ఏమైందంటే, నెల మొదట్లోనే అందరూ ఎక్కువెక్కువ ఎత్తుకెళ్ళి అమ్మేస్తే, నెలాఖరుకి డిపోలో చుక్క ఉండేది కాదు. ఒక్కోసారి రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు లాంచీ కట్టేసి ఉండేది. మేము రేవుదాకా వెళ్ళి ముఖాలు వేలాడేసుకుని తిరిగొచ్చేవాళ్ళం.

అట్లాగే ఒక నెల వరసగా నాలుగు రోజులు లాంచీ లేదు. అయిదో రోజు కార్ఖానాకి వెళ్తే నా మిషను దగ్గర ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. ఓనరుకి ముక్కుతో మాట్లాడే అలవాటు. "అమ్మాయ్, ఇదేమన్నా ధర్మసత్రమా, నీకు తోచినప్పుడొచ్చి కూర్చోడానికి? కాలర్లు ఆగితే చొక్కాలాగుతాయి, చొక్కాలాగితే నా నోట్లో మట్టి" అన్నాడు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు. మా నాన్నకి కళ్ళు కనపడటం తగ్గిపోయి పని మానేశాడు, ఇంట్లో నా జీతమొక్కటే ఆధారం. ఏం చెయ్యాలో తోచక రేవు మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. మధ్యాహ్నం ట్రిప్పుకి సరంగు వచ్చి, "ఏంటి పిల్లా, ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగాడు. చెప్పాను. నన్ను ఇటు ఒడ్డుకి దింపి టిక్కెట్టు తీసుకోలేదు. నేను ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు, ఆ డబ్బులేవో కాలుతున్నట్టు. ఆ పూటే ఆయన కంకర మిల్లు ముందునుంచి వెళ్తుంటే తన పీపాలు రెండు అక్కడ నిలబెట్టి ఉన్నాయట, తన చేత్తో వేసిన ఎర్ర గీతతో. ఇది ఆయన చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు నాకు. "నువ్వు కూర్చోవాల్సిన చోట అవి కూర్చున్నాయనిపించింది" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఈ గొడవ మొదలైంది. ప్రభుత్వం సబ్సిడీ తీసేస్తుందట, జనం అభిప్రాయం తెలుసుకోడానికి ముగ్గురు పెద్దవాళ్ళతో కమిటీ వేసిందట, మునిసిపాలిటీ హాల్లో మీటింగట. ఎక్కడ విన్నా అదే. లాంచీల సంఘం ప్రెసిడెంటు అన్ని రేవులకీ తిరిగి, "ఎవరేమడిగినా ఒకటే మాట. తియ్యొద్దు. అంతకుమించి నోరు విప్పకండి, కావాలంటే ఏడవండి" అని నూరిపోశాడు. మమ్మల్ని కూడా రమ్మన్నారు, ఆడవాళ్ళు ముందు వరసలో ఉంటే బావుంటుందని. వెళ్ళాను నేను. హాలు కిక్కిరిసిపోయింది, ఫ్యాన్లు రెండే తిరుగుతున్నాయి. కమిటీలో కళ్ళజోడాయన లేచి చాలా మర్యాదగా, "చూడండి, ఈ డబ్బంతా నూనెకి పోతోంది. ఇది మిగిలితే మీకు ఆసుపత్రి కట్టొచ్చు, బడి కట్టొచ్చు" అన్నాడు. వెంటనే వెనకనుంచి ఎవరో "ముందు కట్టి చూపించు" అన్నారు. ఇంకొకడు "నీ కారుకి నూనె ఎవడు పోస్తున్నాడు?" అన్నాడు. బడి హెడ్మాస్టరమ్మ లేచి, "మా పిల్లల్లో సగంమంది లాంచీలో వస్తారు, టిక్కెట్టు పెరిగితే ముందు మానిపించేది ఆడపిల్లల్నే" అంది. ఆవిడ చెప్పింది నిజం. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. అదే కదా చిక్కు. నీ కాగితంలో ఉందా ఈ చిక్కు? లేదూ? రాసుకో మరి.

అప్పుడు వెనక వరసలోంచి సరంగు లేచాడు. ప్రెసిడెంటు సంబరపడిపోయాడు, "మాట్లాడు మాట్లాడు, మైకివ్వండి ఆయనకి" అంటూ. ఆ గొంతు మైకులో కూడా సన్నగానే వచ్చింది. అందుకే అందరూ నోళ్ళు మూసుకుని విన్నారేమో! "నాకు నెలకి ఇరవై పీపాలొస్తాయి. లాంచీకి పట్టేది పదమూడు. మిగిలినవి నేను కంకర మిల్లుకి అమ్ముతున్నాను. ఎనిమిదేళ్ళుగా అమ్ముతున్నాను" అన్నాడు. కళ్ళజోడాయన, "మీరేం ఒప్పుకుంటున్నారో మీకు తెలుస్తోందా?" అన్నాడు. "తెలుస్తోంది, రాసుకోండి. మా రేవులో నాలుగు రోజులు లాంచీ ఆగితే ఒక ఆడపిల్ల పని పోయింది. సబ్సిడీ ఉండగానే పోయింది. ఆ పిల్ల పేరు చెప్పి మేము తీసుకున్న నూనె, ఆ పిల్లకి చేరలేదు. అందుకని తీసెయ్యమంటే నేను కాదనను. కానీ ఒకటి. నూనె మీద ఆపే డబ్బు, ఏరు దాటే వాళ్ళ చేతికి ముందు ఇవ్వండి, ఆ తర్వాత తీసెయ్యండి. ముందు తీసేసి తర్వాత ఇస్తామంటే మధ్యలో మునిగేది వాళ్ళే" అని కూర్చున్నాడు. నాకు తల ఎత్తాలంటే భయం. నా గురించేనని ఎవరికీ తెలియదు, అయినా చెవులు వేడెక్కిపోయాయి. అంతే, కుర్చీలు లేచాయి. ప్రెసిడెంటు ఆయన చొక్కా పట్టుకున్నాడు. నలుగురు అడ్డం పడి బయటికి తీసుకొచ్చారు, జేబు చిరిగి వేలాడుతోంది.

ఇంటికెళ్తే వాళ్ళావిడ వాయించేసింది, వీధివీధంతా విన్నాం. "ఏమయ్యా, నిన్నెవరడిగారు? అందరూ తిన్నారు, నువ్వొక్కడివే కక్కావు. రేపు పిల్లలకి ఆ గొప్పతనం వండిపెట్టనా?" అని. ఆవిడదీ తప్పనలేం. వారం తిరక్కుండా ఆయన కోటా రద్దు చేశారు. సంఘంలోంచి తీసేశారు. మిగతా వాళ్ళందరికీ చవక డీజిలు వస్తూనే ఉంది, నిజం చెప్పినాయన మాత్రం పూర్తి ధర పెట్టి కొనుక్కోవాలి! చూడు అన్యాయం. అంత గొడవలోనూ ఆయన చేసిన మొదటి పని ఏంటో తెలుసా? మీటింగు మర్నాడు పొద్దున్నే మా కార్ఖానా మెట్ల మీద నిలబడ్డాడు. ఓనరుతో, "ఆ పిల్ల తప్పు లేదండీ, లాంచీ ఆగింది నా మూలాన" అన్నాడు. ఓనరు ముక్కుతోనే కాసేపు గొణిగి, "మిషను ఖాళీ లేదు. కావాలంటే బొత్తాల దగ్గర కూర్చోమను" అన్నాడు. కూర్చున్నాను. రెండు నెలలు బొత్తాలు కుట్టి మళ్ళీ కాలర్ల దగ్గరికొచ్చాను.

అయితే పూర్తి ధర డీజిలుతో లాంచీ నడవాలిగా. టిక్కెట్టు రెట్టింపు చెయ్యాలన్నారు అందరూ. రెట్టింపైతే మా నాన్న, "ఇంక మానెయ్యమ్మా, నువ్వు లాంచీ కోసం పనిచేస్తున్నట్టుంది" అనేవాడు, నాకు తెలుసు. సరంగు ఒక పాత నోటుబుక్కు పట్టుకుని మూడు రోజులు లాంచీలో ఎక్కేవాళ్ళని లెక్కపెట్టాడు. పొద్దున ఆరు ట్రిప్పులు వేస్తున్నాడు, ఏ ట్రిప్పులోనూ సగం కూడా నిండటం లేదు. ఎందుకంటే బడి ఒక టైముకి, కార్ఖానా ఒక టైముకి, ఆసుపత్రిలో చీటీలిచ్చేది ఇంకో టైముకి. ఇక ఒక్కో గుమ్మం ఎక్కాడు. హెడ్మాస్టరమ్మని బడి అరగంట ముందు పెట్టమన్నాడు. మా ఓనర్ని కార్ఖానా అరగంట ఆలస్యంగా తెరవమన్నాడు. ఆసుపత్రిలో చీటీలిచ్చే గుమాస్తా ఒకాయనుండేవాడు, మహా మొండి. "లాంచీ కోసం ఆసుపత్రి గడియారం తిప్పాలా?" అని అరిచాడట. సరంగు రోజూ వెళ్ళి ఆ బల్ల ఎదురుగా కూర్చునేవాడు, మాట్లాడేవాడు కాదు. అంత మనిషి ఎదురుగా కూర్చుంటే వెనకున్న క్యూ కనపడదుగా! తొమ్మిదో రోజు ఆ గుమాస్తా, "మహానుభావా, నీకో దణ్ణం, ఎన్నింటికి తెరవమంటావో చెప్పు" అన్నాడు.

అట్లా ఆరు ట్రిప్పులు రెండయ్యాయి. నిండుగా రెండు. టిక్కెట్టు పెరిగింది, లేదనను, కానీ రెట్టింపు కాలేదు. మా నాన్న ఏమీ అనలేదు. ఆ, ఇంకోటి, ఎవరి కోసమూ ఆగడం మానేశాడు. ఇంజను అయితే రేవులో అసలు తిరగనిచ్చేవాడు కాదు, అందరూ ఎక్కాకే స్టార్టు. నేను ఒకసారి పరిగెత్తుకొచ్చేలోపు లాంచీ కదిలిపోయింది. ఒడ్డునుంచి తిట్టాను చూడు ఆయన్ని! వినపడిందో లేదో, చెయ్యి ఊపాడు.

మూడు నెలల తర్వాత సబ్సిడీ తీసేశారు. అందరికీ, ఒక్కసారే. ముందు ఇవ్వమన్నది ఎవరూ ఇవ్వలేదు. విద్యార్థులకి పాసులు వచ్చాయి, అదీ ఏడాది తర్వాత. ఆసుపత్రిలో కొత్త వార్డు కట్టారు, అది ఆ డబ్బుతోనేనా అంటే నాకు తెలియదు, తెలియని మాట చెప్పను. పై రేవుల్లో, కింది రేవుల్లో లాంచీలు వరసగా ఆగిపోయాయి. ఎంతమంది ఆడపిల్లలు పని మానేశారో, ఎంతమంది బడి మానేశారో. మా రేవులో మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదే. ఒక్కరోజు కూడా. అప్పటికే ఆయన ఆ కష్టం ఒంటరిగా పడేసి, దారి కనిపెట్టేసి ఉన్నాడు మరి. చొక్కా పట్టుకున్న ప్రెసిడెంటే మా రేవుకి వచ్చి, "ఆ టైముల పద్ధతి ఎట్లా కుదిర్చావో కాస్త చెప్పు" అన్నాడు. సరంగు ఒక్క మాట దెప్పలేదు. నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టి చూపించాడు. నేనైతే ముందు జేబు కుట్టించి ఇమ్మనేదాన్ని.

నేను ఆ కార్ఖానాలో ఇరవై ఆరేళ్ళు చేశానే. సూపర్‌వైజర్నయ్యాను. మా నాన్న కళ్ళకి ఆపరేషన్ ఆ జీతంతోనే. మీ అమ్మ చదువు ఆ జీతంతోనే. ఈ మాట ఆయనకి చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఎదురుపడితే నోరు పెగిలేది కాదు. వంతెన వచ్చాక లాంచీ అమ్మేసి ఇంట్లో కూర్చున్నాడు, ఒళ్ళు బాగా తగ్గిపోయింది. అప్పుడు ఒక చొక్కా నా చేత్తో మొత్తం నేనే కుట్టి పట్టుకెళ్ళాను. వాళ్ళావిడ, "నీ చొక్కా వచ్చిందయ్యా, లే" అని లేపి కూర్చోబెట్టింది. నేను దారంతా అనుకున్న మాటలు, మామయ్యా నీవల్లే కదా అని, గొంతుదాకా వచ్చాయి. ఆయన తొడుక్కుని, మెడ అటూ ఇటూ తిప్పి, "కాలరు గీసుకుంటోంది పిల్లా" అన్నాడు. ఇరవై ఆరేళ్ళు కాలర్లు కుట్టిన దాన్ని పట్టుకుని! నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. విప్పించి ఇంటికి తెచ్చి, కాలరు ఊడదీసి, లోపలి గుడ్డ మెత్తటిది వేసి మళ్ళీ కుట్టి మర్నాడు తీసుకెళ్ళాను. తొడుక్కున్నాడు. చాలాసేపు మెడ దగ్గర వేలితో తడుముకుంటూ కూర్చున్నాడు. "ఇప్పుడు బావుంది" అన్నాడు. అంతే. నేను ఊఁ అన్నాను. ఆ నెలలోనే పోయాడు...

...

నీ డిబేట్ ఎన్నింటికన్నావు? లే, లేచి అటు తిరుగు. అదేంటే, భుజం దగ్గర కుట్టు వదిలేసి వేళ్ళాడుతోంది! ఇది తొడుక్కునా స్టేజీ ఎక్కేది? విప్పు, విప్పి ఇటివ్వు.