తన తప్పును గడపగడపకూ చెప్పిన వర్నీస్ గారు

1991 మార్చి పదకొండవ తేదీన శ్రీమతి వర్నీస్ టాలివర్ గారు బాల్టిమోర్ తూర్పు పేటలోని మా శిశు సంరక్షణ సంఘంలో కార్యకర్తగా చేరారు. ముప్పైమూడు సంవత్సరాల నిర్విరామ సేవ అనంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి వ్యాసాలలో పొగడ్తలే ఉండాలంటారు. వట్టి పొగడ్తలు వారికి గిట్టవు, నాకు చేతకావు.

1994 వేసవిలో ఒడెస్సా పింక్నీ అనే వృద్ధురాలి ఇంటికి కొత్త రంగు వేసి కానుకగా ఇద్దామని, వర్నీస్ గారి నాయకత్వంలో మేమంతా కిటికీల మీది సీసం కలిసిన పాత రంగును నీళ్లతో తడపకుండా పొడిగానే గీకాము. ఊడిన పెచ్చులు పిల్లల నోట పడకూడదని మాకు తెలుసు. గీకితే లేచే సీసపు దుమ్ము అంతకంటే ప్రమాదమని తెలియదు. మేలు చేయబోతే కీడు ఎదురైంది. నెల తిరగకముందే ఆ ఇంట్లోనే పెరుగుతున్న ఆమె మనుమడు, రెండేళ్ల మార్క్విస్ రక్తంలో సీసం బయటపడింది. ఆ వయసులో మెదడుకు తగిలిన దెబ్బ మానేది కాదు.

క్షమాపణ కోరడానికి వెళితే ఒడెస్సా గారు మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు.

"నాకు చెప్పుకుని ఏం లాభమే తల్లీ? తెలియని ఇళ్లు ఇంకా బోలెడున్నాయి. అక్కడికి పోయి చెప్పు."

వర్నీస్ గారు అక్షరాలా అదే చేశారు. ఏ గుమ్మం ఎక్కినా మొదటి మాట తమ తప్పు గురించే. సంఘం పరువు పోతుందని వారించినవాణ్ణి నేనే.

"మన పరువు కోసం ఇంకో పిల్లాణ్ణి బలి ఇద్దామా, హోరేస్?" అన్నారు.

అప్పటివరకు మా ముఖాన తలుపులు వేసిన తల్లులు ఆ మాట విని లోపలికి రమ్మన్నారు. అద్దెకిచ్చే ముందే ఇల్లు పరీక్షించాలని పేటలోని యజమానులను, ఆ తల్లులతో కలిసి పన్నెండేళ్లు పోరాడి వర్నీస్ గారు ఒప్పించారు. అంతవరకు ఇంట్లో విషముందో లేదో పిల్లల రక్తమే చెప్పేది. ఇప్పటికీ ఏటా కొందరు పసివాళ్ల పేర్లు సీసం సోకిన పిల్లల జాబితాలో చేరుతూనే ఉన్నాయి. గెలిచామని రాయడానికి నాకు మనసొప్పదు.

పోయిన వారం ఈ వీడ్కోలు సభకు పిలవడానికి మార్క్విస్ ఇంటికి వెళ్లాను. ముప్పైరెండేళ్లవాడు, ఆహ్వానపత్రం నా చేతే చదివించుకున్నాడు.

"నేను రానులెండి, హోరేస్ గారూ. ఆవిడ మీద నాకేం కోపం లేదు. నన్ను చూస్తే చాలు, ఆవిడ ముఖం వాడిపోతుంది. ఆ ఒక్కరోజైనా నవ్వనివ్వండి."

వర్నీస్ గారూ, ఈ మాట మీకు చెప్పకుండా దాచడం నా వల్ల కాలేదు. మీకు ఆరోగ్యమూ, నిండు ఆయుష్షూ కలగాలని, ఆ ఆయుష్షులో ఏదో ఒకనాడు మీరే అతని ఇంటికి వెళ్లి, కన్నీరు పెట్టకుండా కాసేపు కూర్చుని రాగలగాలని మనసారా కోరుకుంటున్నాను.